కొత్త ఫైకస్ బోన్సాయ్ ఆకులు రాలుస్తోందా? ముందు రాలిన ఆకుల్నే చూడండి

మీరు చెప్పింది ఇదీ: ఆన్‌లైన్‌లో తెప్పించిన ఫైకస్ (మర్రి, రావి జాతి చెట్టు) బోన్సాయ్ అట్టపెట్టెలో వచ్చింది, హైదరాబాద్ ఫ్లాట్‌లో టీవీ పక్కన పెట్టారు, రెండు వారాలు తిరక్కుండానే సగం ఆకులు రాలిపోయాయి, రోజూ కాసిని నీళ్ళు పోస్తూనే ఉన్నారు. కుండీ మార్చాలా, ఎరువు వేయాలా, లేక చెట్టు పోయినట్టేనా అని అడిగారు. కుండీ మార్చకండి, ఎరువు వేయకండి. చెట్టు సంగతంటారా, పోలేదనే నా నమ్మకం, కానీ నా నమ్మకంతో పనేముంది, ఐదు నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు.

ఆకు రాల్చడం చెట్టు చేసే పని, చెట్టుకు జరిగే పని కాదు. తొడిమ మొదట్లో ఒక పల్చటి పొర ఏర్పడి అక్కడికి ఆకు తెగిపోతుంది, ఆ పొర ఏర్పడాలంటే కొమ్మలో ప్రాణం ఉండి తీరాలి. అందుకే ఎవరైనా ఆకులన్నీ రాలిపోయాయి అంటే నాకు పెద్దగా భయం వేయదు. ఆకులు అప్పడాల్లా ఎండిపోయి, అయినా కొమ్మను వదలకుండా వేలాడుతున్నాయంటే మాత్రం టెన్షనే, ఎందుకంటే తెంపుకునే టైము కూడా లేకుండా ఆ కొమ్మ చచ్చిపోయిందని అర్థం.

ముందు కొమ్మల చివర్లు చూడండి. ఫైకస్‌లో ప్రతి రెమ్మ కొసన సన్నగా మొనదేలి, ఒక తొడుగులో చుట్టుకుని ఉన్న చిగురు ఉంటుంది. దాన్ని వేళ్ళ మధ్య మెల్లిగా పట్టుకుంటే గట్టిగా, ఆకుపచ్చగా ఉందా, ఆ రెమ్మకు ఢోకా లేదు. నల్లబడి, ముట్టుకుంటే పొడిలా రాలిందా, ఆ రెమ్మ వరకు ఆశ వదులుకోండి. ఆ తర్వాత ఒక కొమ్మ మీద, ఎక్కడో కనిపించని చోట, గోటితో కొంచెం గీకండి. తొక్క కింద పచ్చగా తడిగా ఉండి ఓ చుక్క తెల్లటి పాలు వచ్చాయంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందకి, కాండం వైపు వచ్చి మళ్ళీ గీకండి. ఒక్కోసారి చివర్లు ఎండినా మొదలు బాగానే ఉంటుంది, ఫైకస్ ముదురు కాండం మీద కూడా కొత్త మొగ్గలు వేస్తుంది.

ఇక రాలిన ఆకులు. ఊడ్చి పారేయకుండా ఒక కాగితం మీద పరవండి. కొమ్మల లోపలి వైపు ఉండే పాత ఆకులు ముందు పసుపు తిరిగి, ఒకటీ రెండుగా రాలుతుంటే వెలుతురు చాలడం లేదని. పచ్చగా నిగనిగలాడే ఆకులే, కొమ్మ కదిపితే జలజలా రాలుతుంటే అది చోటు మారిన షాక్, లేదా ఏసీ గాలి నేరుగా తగలడం, లేదా మట్టి ఒకసారి పూర్తిగా ఎండిపోవడం. ఆకు మెత్తబడి పసుపెక్కి కొసలు నల్లబడుతుంటే వేరు కుళ్ళు. ఆకు అంచులు మాత్రమే గోధుమరంగులోకి తిరుగుతూ కుండీ అంచుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంటే అది బోరు నీళ్ళ ఉప్పు. మన ఊళ్ళో చాలా అపార్ట్‌మెంట్లలో ఇదుంటుంది, దీనికి వాన నీళ్ళు పట్టి పోయడమే మందు.

ఆకు అడుగు భాగం కూడా తిప్పి చూడండి. జిగటగా ఉండి ఈనెల పక్కన గోధుమరంగు బుడిపెలు అంటుకుని ఉంటే పొలుసు పురుగు, దూది పింజల్లాంటివి కనిపిస్తే పిండినల్లి, సన్నటి బూజు లాంటి గూళ్ళు ఉంటే ఎర్రనల్లి. ఆకు మధ్యకు మడత పడి, విప్పితే లోపల సన్నగా నల్లటి పురుగులు పాకుతుంటే తామర పురుగు, దానికి ఫైకస్ అంటే బాగా ఇష్టం. ఇవేవైనా ఉంటే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, రెండు మూడు చుక్కల లిక్విడ్ సోపు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారానికోసారి, కొన్ని వారాల పాటు. మడత పడిన ఆకుల్ని మాత్రం కోసి కవర్లో మూట కట్టి పారేయాలి, మందు లోపలికి వెళ్ళదు.

మీ ఫోటోలో మాత్రం పురుగు ఏమీ కనిపించలేదు, ఉన్నవి సగం పచ్చటి ఆకులు, సగం పసుపు. నా లెక్క ప్రకారం రెండు దెబ్బలు వరసగా తగిలాయి. మొదటిది పెట్టె. చీకట్లో మూసిపెట్టిన మొక్క దగ్గర ఇథిలీన్ అనే వాయువు పేరుకుంటుంది, మనం అరటికాయలు ముగ్గేసేది కూడా దాని పుణ్యమే, ఆకు తెగడాన్ని అది తొందరపెడుతుంది. దాని ఫలితం పెట్టె విప్పిన కొన్ని రోజులకి బయటపడుతుంది కాబట్టి, మన ఇంటికొచ్చాకే ఏదో అయిందనుకుంటాం. రెండోది మీ టీవీ యూనిట్. నర్సరీలో ఆ ఆకులు ఎండకు అలవాటుపడి పుట్టినవి. ఆరుబయట మిట్టమధ్యాహ్నం వెలుతురు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉంటే, మా హాల్లో సోఫా పక్కన ఫోన్ యాప్‌తో కొలిచినప్పుడు 200 కూడా దాటలేదు. మన కళ్ళకు వెలుగ్గానే ఉంటుంది, చెట్టుకు అది చీకటి. అంత తక్కువ వెలుతురులో ఆ ఆకుల్ని మోయడం దండగని వదిలించుకుంటుంది.

కడియం నర్సరీల్లో కొన్న బెంజమినా రకం ఫైకస్ ఒకటి నా దగ్గర చాలా ఏళ్ళుగా ఉంది. తెచ్చిన కొత్తలో ఇలాగే బోడిగా అయింది. మేం ఇల్లు మారినప్పుడు తూర్పు బాల్కనీ నుంచి ఉత్తరం బాల్కనీకి మారినందుకే మళ్ళీ అలిగి ఆకులు దులిపేసుకుంది. రెండుసార్లూ నేను చేసింది ఏమీ లేదు, ఉన్నచోట ఉంచి ఊరుకున్నాను, అంతే. చిగుర్లు వచ్చాయి, పైగా ఆ కొత్త ఆకులు ఆ వెలుతురుకు తగ్గట్టు పుట్టినవి కాబట్టి నిలబడ్డాయి.

అసలు ప్రమాదం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆకులు సగమయ్యాయంటే చెట్టు తాగే నీళ్ళు కూడా తగ్గిపోతాయి, కానీ మనం కంగారులో ఇంకాస్త ఎక్కువ పోస్తాం. మా కింద ఫ్లాట్ ఆంటీ గారి ఫైకస్ అలాగే పోయింది. ఆవిడ నన్ను పిలిచేసరికి కుండీ నుంచి మురుగు వాసన వస్తోంది, వేరు పట్టుకుని లాగితే పైతోలు జారి చేతికొచ్చి లోపల దారం లాంటి నార మిగిలింది. ఆకు రాలి చచ్చిన ఫైకస్‌లు నేను పెద్దగా చూడలేదు, రాలిన ఆకులు చూసి భయపడిన వాళ్ళు ముంచేసిన ఫైకస్‌లు మాత్రం చాలానే చూశాను.

కాబట్టి "రోజూ కాసిని" మానేయండి. ఒక చీపురు పుల్ల మట్టిలోకి అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీసి చూడండి. తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళు వద్దు. పైన ఒక అంగుళం మేర ఆరి, కింద కొంచెం చెమ్మ ఉన్నప్పుడు పోయండి, పోసేటప్పుడు మాత్రం కింది కన్నాల్లోంచి కారేదాకా పోయాలి. కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయాలి. మీ కుండీ పైన తెల్ల రాళ్ళు కనిపిస్తున్నాయి, అవి జిగురుతో అతికించినవేమో కదిపి చూడండి. చాలా మంది అలా అతికించే అమ్ముతారు. అలా అతికించి ఉంటే నీళ్ళు పక్కల నుంచి జారిపోయి మధ్యలో వేరు ఎండిపోతుంది, స్క్రూడ్రైవర్‌తో విరగ్గొట్టి తీసేయండి. ఆకుల మీద స్ప్రే చేయడం నీళ్ళు పోయడం కింద లెక్కకు రాదు.

చోటు: మీకు బాల్కనీ ఉందన్నారు కదా, అక్కడ పెట్టండి. ఈ "ఇండోర్" అనే ముద్ర చలి దేశాల్లో పుట్టింది, అక్కడ మంచులో ఇవి బతకవు కాబట్టి లోపల పెంచుతారు. మర్రి, జువ్వి, రావి రోడ్డు పక్కన పెరిగే ఊళ్ళో వాటి చుట్టాన్ని ఏసీ గదిలో పెట్టడం ఎందుకో నాకైతే అర్థం కాదు. ముందు నేరుగా ఎండ తగలని చోట, కొత్త చిగుర్లు విచ్చుకున్నాక పొద్దుటి ఎండ తగిలే చోట. టీవీ దగ్గర్నుంచి సరాసరి మే నెల ఎండలోకి నెట్టారంటే మిగిలిన ఆకులు కూడా కాలిపోతాయి. అమెరికాలో ఉన్న మావాళ్ళు అడుగుతుంటారు, వాళ్ళకైతే దక్షిణం కిటికీ, లేదా రోజుకు 12 గంటల పాటు గ్రో లైటు (మొక్కల కోసం అమ్మే దీపం), హీటర్ గాలి తగలకుండా ఉంచడం, చలి రాత్రుల్లో 15 డిగ్రీల సెల్సియస్ కిందికి పోనివ్వకపోవడం.

ఒకసారి పెట్టాక రోజుకో చోటికి మార్చకండి. కత్తిరింపులు వద్దు. పూర్తిగా బోడి అయితే పారదర్శకమైన పాలిథీన్ కవరు వదులుగా కప్పి నీడలో ఉంచితే గాలిలో తేమ నిలుస్తుంది, ఎండలో కప్పితే ఉడికిపోతుంది. కుండీ మార్చాల్సింది ఒక్క సందర్భంలోనే, మురుగు వాసన వచ్చి వేర్లు మెత్తబడినప్పుడు.

ఇదంతా మీ దగ్గరున్న లాంటి ఫైకస్‌కి. ఇది చదివే వేరేవాళ్ళ దగ్గర రావి బోన్సాయ్ ఉండి ఫిబ్రవరి, మార్చిలో రాలుస్తుంటే అది దాని సహజం, ఉగాది నాటికి రాగి రంగు చిగుర్లు వేస్తుంది. అడీనియం (ఎడారి గులాబీ) చలికాలంలో బోడిగా మారినా అంతే. జేడ్ మొక్క ఆకులు నీరుపట్టి మెత్తగా రాలితే మాత్రం నీళ్ళు ఎక్కువయ్యాయని, వెంటనే ఆపేయాలి.

మీ చెట్టుకు మూడు నుంచి ఆరు వారాలు టైమివ్వండి. ఈలోపు గీకిన చోట పచ్చగా లేకపోయినా, కుండీ వాసన వచ్చినా ఇక్కడే రాయండి, కుండీ అడుగు కన్నాల ఫోటో కూడా పెట్టండి, కొన్నిటికి అసలు కన్నాలే ఉండవు.