అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే నేను ‘గుడ్’ అన్నాను

‘గో ఆఫ్’ అనే ఫ్రేజల్ వెర్బ్‌కి (అంటే వెనక చిన్న మాట తగిలించుకున్న క్రియకి) ఎన్ని అర్థాలున్నాయి, అవి గుర్తుండాలంటే ఏం చేయాలి అని అడిగారు. ఎన్నో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. వాటిలో ఒక్కటి తెలియకపోవడం వల్ల ఒక సర్వీసు నాలుగు గంటలు మూతపడిందని మాత్రం చెప్పగలను. ఆ ఒక్కటీ తెలియనిది నాకే.

సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో కొత్తగా చేరిన రోజులు. వారానికొకరు రాత్రిళ్లు ఆన్‌కాల్‌లో ఉండాలి, అంటే ఏదైనా చెడితే ఫోన్ ఎత్తి సరిచేయాలి. ఆ వారం నా వంతు. సాయంత్రం ఒక సర్వర్‌లో డిస్క్ నిండిపోతోందని తెర మీద పసుపురంగు హెచ్చరిక వచ్చింది. పాత లాగ్ ఫైళ్లు కొన్ని తీసేశాను. కాసేపటికి అదే సర్దుకుంటుందిలే అని ఫోన్ తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాను.

రాత్రి రెండు దాటాక ఫోన్ మోగింది. అవతల వేరే దేశంలో పగటి షిఫ్టు చేస్తున్న సహోద్యోగి, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న మనిషి. ‘హాయ్, ద డిస్క్ అలారం వెంట్ ఆఫ్’ అన్నాడు. నిద్రమత్తులో నాకు అర్థమైంది ఒక్కటే: అలారం ఆగిపోయింది. నేను ఎదురుచూస్తున్న కబురు అదే కదా! ‘ఓ, గుడ్! థాంక్యూ’ అన్నాను. అవతల చప్పుడు లేదు. తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి, ‘ఇట్ వెంట్ ఆఫ్ ట్వైస్’ అన్నాడు. ఒకసారి ఆగింది మళ్లీ ఎలా ఆగుతుందన్న అనుమానం రావాలా వద్దా? రాలేదు. ‘వెరీ గుడ్’ అన్నాను. ‘ఓకే, ఇఫ్ యూ ఆర్ హ్యాపీ’ అని పెట్టేశాడు. నేను హ్యాపీగానే ముసుగు తన్నాను.

తెల్లవారాక మేనేజర్ ఫోన్ చేస్తే తెలిసింది. డిస్క్ పూర్తిగా నిండిపోయి డేటాబేస్ రాయడం మానేసింది, దాని వెనకే మిగతావన్నీ వరసగా కూలబడ్డాయి. తర్వాత జరిగిన సమీక్షలో ఆ సహోద్యోగి రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు. తెలుగులో చెప్పాలంటే, ‘అలారం మోగిన విషయం ఆన్‌కాల్ ఇంజనీరుకు తెలియజేశాం, ఆయన సంతోషం వ్యక్తం చేశారు.’ మా టీమ్‌లో తెలుగాయన ఒకరు, నాకన్నా పదేళ్లు సీనియర్, ఆ తర్వాత నెల రోజులపాటు ఎదురుపడినప్పుడల్లా ‘ఏం నాయనా, ఇల్లు తగలబడుతోందంటే శభాష్ అన్నావట?’ అని పలకరించేవారు.

ఈ తప్పు మన తెలుగువాళ్లే ఎక్కువ చేస్తారని నా నమ్మకం. రుజువడగకండి, చెవి పెట్టి విని తెలుసుకున్నది. ‘ఆఫ్’ మనకిప్పుడు పరాయి మాట కాదు. ఫ్యాన్ ఆఫ్ చెయ్యి, ఫోన్ స్విచాఫ్ అయింది అంటాం. పైగా మన ‘ఆపు’కీ దానికీ ఉచ్చారణలో వెంట్రుకవాసి తేడా. అర్థం కూడా సరిగ్గా అక్కడే కూర్చుంది. అందుకని ‘ఆఫ్’ వినగానే బుర్ర ఇక ఆలోచించదు, ఆగిపోయిందని తీర్పు చెప్పేస్తుంది. కరెంటు విషయంలో ఆ తీర్పు సరిపోతుంది కూడా. ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే దీపాలు ఆరిపోయాయనే. అదే క్రియ అలారానికి తగిలితే మోగింది, బాంబుకు తగిలితే పేలింది. అసలు ‘వెన్ ద అలారం గోస్ ఆఫ్, టర్న్ ఇట్ ఆఫ్’ అనే వాక్యం చూడండి. మొదటి ఆఫ్‌కి గోల మొదలైంది, రెండో ఆఫ్‌కి ఆగింది. మధ్యలో ఉన్నది ఒక కామా.

గుర్తుపెట్టుకునే దారి అడిగారు కాబట్టి నా సిద్ధాంతం చెబుతాను. ఒక ఎఫ్ ఉన్న ‘ఆఫ్’, రెండు ఎఫ్‌లున్న ‘ఆఫ్’ మొదట్లో ఒకటే మాట. దూరంగా, నుంచి విడిపోయి అని దాని భావం. నొక్కి పలికే రూపానికి రెండో ఎఫ్ వచ్చి చేరింది. 17వ శతాబ్దానికల్లా రెండూ వేర్వేరు మాటలుగా స్థిరపడ్డాయి. అంటే ఇందులో ‘ఆగడం’ ముందు నుంచీ ఉన్నది కాదు, ఉన్నది ‘పట్టు విడిపోవడం’. తుపాకీ పేలితే ‘గో ఆఫ్’ అనడం 16వ శతాబ్దం నుంచే ఉంది. బిగించి పెట్టిన మీట విడిపోయింది, గుండు దూసుకెళ్లింది. పాతకాలపు అలారం గడియారంలోనూ అంతే. తాళం తిప్పి స్ప్రింగు బిగిస్తాం, పెట్టిన వేళకి గొళ్లెం జారుతుంది, సుత్తి గంటను వాయిస్తుంది. దీపం కరెంటు నుంచి విడిపోయింది. పాలు మంచి స్థితి నుంచి జారి పాడయ్యాయి, దానికీ బ్రిటన్ వాళ్లు ‘గాన్ ఆఫ్’ అనే అంటారు. ఒకప్పుడు నచ్చిన మనిషి ఇప్పుడు నచ్చకపోతే ‘ఐ హావ్ గాన్ ఆఫ్ హిమ్’ అన్నా ఇదే, మనసు అతని మీంచి విడిపోయింది. ఎవరి మీదైనా విరుచుకుపడితే ‘వెంట్ ఆఫ్ ఆన్ హిమ్’ అంటారు, అక్కడ తుపాకీ మనిషే. కార్యక్రమం చక్కగా జరిగితే ‘వెంట్ ఆఫ్ వెల్’ అనడం మాత్రం ఈ సిద్ధాంతానికి కొంచెం మొండికేస్తుంది. దాన్ని కూడా తుపాకీ గురి తప్పకుండా పేలినట్టు అని సర్దుకున్నాను. మీకు అంతకన్నా మంచి దారి తోస్తే వాడుకోండి.

శామ్యూల్ జాన్సన్ అయితే చేతులెత్తేశాడు. 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలో, క్రియకు వెనక చిన్న మాట తగిలించే ఈ పద్ధతి పరదేశీయులకు అన్నిటికన్నా పెద్ద కష్టమని ఒప్పుకున్నాడు. వీటిలో కొన్ని మూలపదాల అర్థానికి ఎంత దూరం వెళ్లిపోయాయంటే, అవి నడిచొచ్చిన అడుగుజాడలు ఎంత తెలివైనవాడికీ దొరకవన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘టేక్ ఆఫ్’ ఉంది, అర్థం నకలు తీయడం. విమానాలు లేని కాలం మరి! ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు ఆయనకు తెలియదు. ఆ పేరును 1925లో రచయిత లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో వాడాడు, దాన్ని తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని కూడా చెప్పాడు. అడుగుజాడలు దొరకవన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. దొరుకుతాయి, కానీ వెతకడానికి నాలాగా ఒక సర్వీసు పడగొట్టాలి.

ఇక నాకు అసలు ఒళ్లు మండేది ‘వంద ఫ్రేజల్ వెర్బులు’ అంటూ తిరిగే పీడీఎఫ్‌లు. గో ఆఫ్: పేలు, మోగు, ఆరిపోవు, చెడిపోవు, వెళ్లిపోవు. ఇలా ఒక వరసలో పడేస్తారు. దేనికి తగిలితే ఏది అనేది చెప్పకుండా ఈ వరస ఎవరికి పనికొస్తుంది? అది బట్టీపట్టినవాడు కూడా అర్ధరాత్రి ఫోన్‌లో ‘గుడ్’ అనే అంటాడు. ఇవి వాడుకభాష, పద్ధతైన ఇంగ్లిష్ కాదు, వాడొద్దు అని చెప్పే మాస్టార్లు ఇంకో రకం. వాడకపోతే పోనీ, ఎదుటివాడు వాడితే అర్థం కావాలి కదండీ. అందుకే క్రియను ఒంటరిగా నేర్చుకోవద్దని నా సలహా. అలారం గోస్ ఆఫ్, మిల్క్ గోస్ ఆఫ్, లైట్స్ గో ఆఫ్ అని దాని జోడీతోనే నోటికెక్కించుకోండి. మోగించినవాడి సంగతైతే ‘సెట్ ఆఫ్’ అనాలి, అలారాన్ని పొగ ‘సెట్స్ ఆఫ్’ చేస్తుంది. ఈ రెండూ కలిపి నేర్చుకుంటే మరిచిపోరు.

ఇంగ్లిష్‌కి తలాతోకా లేదని తిట్టుకునేవాళ్లకి ఇంకొక్కటి. ఆ సహోద్యోగీ నేనూ తర్వాత మంచి స్నేహితులమయ్యాం. తెలుగు నేర్పమని సరదాపడితే వారానికి నాలుగు వాక్యాల చొప్పున చెప్పేవాణ్ణి. ఒకరోజు ‘లైటు వెయ్యి’ అన్నది నేర్పాను, ఆన్ చెయ్యమని అర్థం అన్నాను. రాసుకున్నాడు. ‘లైటు తియ్యి’ అంటే ఆఫ్ చెయ్యమని. అదీ రాసుకున్నాడు. తర్వాత ‘తలుపు వెయ్యి’ అంటే ఏంటో చెప్పమన్నాను. తెరవమని, అన్నాడు ధీమాగా. కాదు, మూయమని. ‘తలుపు తియ్యి’ అంటేనే తెరవమని.

అవతల మళ్లీ అదే నిశ్శబ్దం, రాత్రి రెండింటికి విన్నదే. తర్వాత నెమ్మదిగా, ‘మరి బ్రేకు?’ అని అడిగాడు.

బ్రేకు వేస్తే బండి ఆగుతుందని చెప్పాను. ‘వెరీ గుడ్’ అన్నాడు.