కొలువు ప్రశ్నలు: తడిసిన సెలవు ఖాతా

విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ విభాగంలో గుమస్తాగా చేరి, ఇప్పుడు అక్కడే మానవ వనరుల సలహాదారుగా ఉన్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబులు ఇవి. రాసినవారి పేర్లూ, వారి సంస్థల పేర్లూ తీసేశాను.

ప్రశ్న: మేడం, ఎంబీఏ పూర్తిచేశాను. ఒక విశ్వవిద్యాలయంలో మానవ వనరుల విభాగంలో ఉద్యోగం వచ్చేలా ఉంది. మా మామయ్య మాత్రం "పైవాళ్లు చెప్పినట్టు మెమోలు రాసే పని అది, చెడ్డపేరు తప్ప ఏమీ మిగలదు" అంటున్నారు. అసలు మీరు ఎవరి పక్షం? (మధురవాడ నుంచి ఒక యువకుడు)

జవాబు: మీ మామయ్యగారు ఎప్పుడో ఒక మెమో అందుకుని ఉంటారు. మెమోలు రాస్తాం, కాదనను. కానీ కిందటి సోమవారం నా బల్ల మీద ఉన్నవి చెబుతాను, వినండి. ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్ల ప్రొబేషన్ ఫైళ్లు. పీహెచ్‌డీ ఇంక్రిమెంట్లు ఏ తేదీ నుంచి లెక్కకట్టాలో తేలక రెండేళ్లుగా తిరుగుతున్న ఒకాయన అర్జీ. హాస్టల్ వంటశాలలో పనిచేస్తూ చనిపోయిన ఒకాయన పీఎఫ్ కాగితాలు: నామినేషన్‌లో పెళ్లికి ముందు రాసిన తల్లి పేరే ఉండిపోయింది. ఆయన భార్య చంటిపిల్లను ఎత్తుకుని నా ఎదుట కూర్చుంది. ఆ రోజు నేను రాసిన మెమోలు సున్నా.

విశ్వవిద్యాలయంలో ఈ పనికి ఒక చిక్కుంది. బోధకులకు యూజీసీ నిబంధనలు, బోధనేతర సిబ్బందికి వేరే నిబంధనలు, ఏజెన్సీ ద్వారా వచ్చినవారికి ఏజెన్సీ రాసిచ్చిన కాగితం. ఒకే వరండాలో నడిచే ముగ్గురికి మూడు రకాల సెలవు లెక్కలు. ఎవరికి ఏది వర్తిస్తుందో చెప్పడంలోనే సగం రోజు గడిచిపోతుంది.

ఇక పక్షం సంగతి. నిర్ణయం రిజిస్ట్రార్‌దో, పాలకమండలిదో అవుతుంది. "ఇలా ఉత్తర్వు ఇస్తే కోర్టులో నిలవదు" అని పచ్చ నోట్ షీటు మీద రాసి, కింద సంతకం, తేదీ పెట్టడం నా పని. జీతం యాజమాన్యమే ఇస్తుంది, అది మరిచిపోను. తప్పు ఉత్తర్వు మీద మాత్రం "సరే" అని రాయలేదు. అందుకు రెండుసార్లు నా కుర్చీ మార్చారు. రెండోసారి ఇచ్చిన గదికి కిటికీ కూడా లేదు. ఉద్యోగంలో చేరండి. మామయ్యగారికి నా నమస్కారాలు.

ప్రశ్న: ప్రయోగశాల సహాయకురాలిగా మూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఏడాదికొకసారి ఒప్పందం పొడిగిస్తారు. ఇప్పుడు నాకు ఏడో నెల. సెలవు అడిగితే "వచ్చే నెలాఖరుకు ఒప్పందం అయిపోతుంది, కాన్పు అయ్యాక చూద్దాం" అన్నారు. ఒప్పంద ఉద్యోగికి ప్రసూతి సెలవు ఉండదా? గొడవ పెట్టుకోవద్దని మా అత్తయ్య అంటున్నారు. (గాజువాక)

జవాబు: ఉంటుందమ్మా. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం పర్మినెంటా, ఒప్పందమా అని అడగదు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేశారా అని అడుగుతుంది. మీరు మూడేళ్లు చేశారు. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాలు వచ్చాయి, అందులో కాన్పుకు ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. పాత చట్టాలను కలిపి సామాజిక భద్రతా కోడ్ చేసినప్పుడు కూడా ఈ లెక్క ఇలాగే ఉంచారు.

ఒప్పందం ముగిసిపోతే అనే వాదనకూ జవాబుంది. ఢిల్లీలో ఒప్పందం మీద పనిచేసిన ఒక వైద్యురాలి కేసులో 2023లో సుప్రీంకోర్టు, ఒప్పందం గడువు దాటినా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందే అని తీర్పు చెప్పింది. మీ అర్జీలో ఈ ఒక్క వాక్యం రాయండి చాలు.

జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే ఈ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, సంస్థ జేబు నుంచి పోదు. ఆ సంగతి తెలియగానే చాలామంది అధికారుల గొంతు మెత్తబడటం నేను చూశాను.

అర్జీ తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాయండి. డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ చీటీ జతచేయండి. ఇన్‌వార్డు గుమస్తా దగ్గర నంబరు, తేదీ వేయించుకుని రెండో ప్రతి ఇంటికి తెచ్చుకోండి. "నాకిచ్చి వెళ్లండి, లోపల పెడతాను" అని ఎవరన్నా ఇవ్వకండి, ఎంత మంచివారైనా సరే. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. మీ అత్తయ్యగారి భయం నాకు తెలుసు. ఆఫీసు మధ్యలో నిలబడి మాట్లాడితే గొడవ అంటారు. అందుకే మాట్లాడకండి, రాయండి.

ప్రశ్న: వచ్చే జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నాను. నా సర్వీసు రిజిస్టరులో 2003 నుంచి 2009 దాకా సెలవు ఖాతా పేజీలు లేవు. హుద్‌హుద్‌ తుపానులో పాడైపోయాయట. కాబట్టి ఆ ఏడేళ్ల సంపాదిత సెలవును, వాడుకోని సెలవుకు విరమణప్పుడు ఇచ్చే నగదు లెక్కలో కలపలేం అంటున్నారు. నేనేం చేయాలి? (సీతమ్మధార నుంచి ఒక సూపరింటెండెంటు)

జవాబు: ఈ ఉత్తరం చదివి కాసేపు కళ్లజోడు తీసి కూర్చున్నాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి. నేను ఆఫీసుకు చేరుకోగలిగింది మూడో రోజున, పడిన చెట్ల మీదుగా దాటుకుంటూ. మా గది కిటికీ చట్రంతో సహా లోపల పడి ఉంది. బీరువా కింది అర తలుపు ఉబ్బి తెరుచుకోలేదు. గునపంతో లాగితే లోపలి నుంచి నీళ్లతో పాటు సర్వీసు రిజిస్టర్లు జారాయి.

కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు. వరండా స్తంభాలకు తాళ్లు కట్టి, రిజిస్టర్లను నడుముకు విప్పి బట్టల్లా ఆరేశాం. అతుక్కున్న పేజీల మధ్య పాత వార్తాపత్రికలు దూర్చి, గంటకొకసారి మార్చాం. మా అటెండరు ఒకాయన అంచున నెమ్మదిగా ఊది, దబ్బనం వెనకవైపుతో కాగితాన్ని విడదీసేవాడు. మేం వేళ్లతో లాగినవి చిరిగాయి, ఆయన విడదీసినవి చిరగలేదు. అప్పుడే తెలిసింది, బాల్‌పెన్నుతో రాసింది నిలుస్తుంది, ఇంకు పెన్నుతో రాసింది నీలి మరకగా మిగులుతుంది. చక్కటి దస్తూరీతో ఇంకు పెన్ను వాడే పాత సూపరింటెండెంట్లు రాసిన పేజీలే ఎక్కువగా పోయాయి. రబ్బరు స్టాంపుల ఊదారంగు ఎదుటి పేజీకి ఎక్కి, ఎవరి సంతకం మీదో ఎవరి ముద్రో పడింది. దీపావళి ముందురోజు దాకా అదే పని.

కాబట్టి "పోయాయి" అన్నమాట నిజమే కావచ్చు. "కలపలేం" అన్నది మాత్రం ఒప్పుకోను. రిజిస్టరు దాచాల్సింది ఆఫీసు. అది పాడైతే నష్టం మీ నెత్తిన వేయకూడదు.

మొదట ఒక పని చేయండి. 2010 పేజీ ఉందన్నట్టే కదా? దాని మొదటి వరుస చూడండి. పాత పేజీ నుంచి తెచ్చిన నిల్వ అక్కడ రాసి ఉండాలి. ఆ ఒక్క అంకెలోనే మీ ఏడేళ్లూ ఉన్నాయి! కొత్త పేజీ తెరిచిన గుమస్తా నిల్వ తేకుండా ఖాతా మొదలుపెట్టడు. ఇంతవరకూ ఎవరూ ఆ వరుస చూసి ఉండరని నా అనుమానం.

అక్కడ ఖాళీ ఉంటే ఖాతాను తిరిగి కట్టాలి. మీ సంస్థ ప్రభుత్వ సెలవు నిబంధనలనే పాటిస్తుంటే, పర్మినెంటు ఉద్యోగికి జనవరి 1న 15, జూలై 1న 15 రోజులు జమ. అది క్యాలెండరు చూసి ఎవరైనా రాయగలరు. మీరు ఎన్ని రోజులు వాడుకున్నారో చూపాల్సింది ఆఫీసే: సెలవు మంజూరు ఉత్తర్వుల ఆఫీసు ప్రతులు, జీతాల బిల్లులు, హాజరు పట్టీలు తిరగేయాలి. మీ దగ్గరున్న నకలు రిజిస్టరు, ఇంట్లో ట్రంకుపెట్టెలో పడేసిన పాత ఉత్తర్వులు కూడా జతచేయండి. ఇదంతా ఒక అర్జీగా ఇప్పుడే పెట్టండి, జూన్ దాకా ఆగవద్దు. చివరి నెలలో అడిగిన ఫైలుకు "ఆడిట్ అభ్యంతరం" అని రాయడం చాలా తేలిక. నేనూ రాశాను, పాపం.

ప్రశ్న: ప్రైవేటు డిగ్రీ కళాశాలలో 9 ఏళ్ల 8 నెలలు లెక్చరర్‌గా చేసి 2023 జూన్‌లో మానేశాను. చివరి మూలవేతనం, కరువు భత్యం కలిపి 39,000. అధ్యాపకులకు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలినప్పుడు సర్వీసును బట్టి సంస్థ ఇచ్చే సొమ్ము) వర్తించదని కోర్టే చెప్పిందని కళాశాలవారు అన్నారు. (పెందుర్తి)

జవాబు: చెప్పింది, 2004లో. ఆ తర్వాతి కథ వారు చదవలేదు, లేదా చదివి దాచారు. 2009లో పార్లమెంటు గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి అధ్యాపకులను చేర్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ఆ సవరణ చెల్లుతుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. పదిమందికి తక్కువ కాకుండా సిబ్బంది ఉంటే మీ కళాశాల తప్పించుకోలేదు.

లెక్క ఇది: 39,000ను 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాది సర్వీసుకు 22,500. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి మీ సర్వీసు పదేళ్లు. మొత్తం 2,25,000 రూపాయలు. దరఖాస్తుకు 30 రోజుల గడువు ఉన్నా, ఆలస్యమైందని హక్కు పోదు. కళాశాలకు రాసి 30 రోజులు చూడండి, ఇవ్వకపోతే కార్మిక శాఖలో గ్రాట్యుటీ నియంత్రణాధికారి దగ్గరకు వెళ్లండి. అర్జీలో సర్వీసు దగ్గర "9 ఏళ్ల 8 నెలలు, లెక్కకు పదేళ్లు" అని రాయండి. ఉత్త 9 ఏళ్ల 8 నెలలు అని రాసి ఊరుకుంటే, తొమ్మిదికే లెక్కకట్టే మహానుభావులు ఉన్నారు.