ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువాళ్లు ఇప్పటికీ ఆంధ్రాలోని పాతపట్నం, టెక్కలి వైపే పెళ్లి సంబంధాలు ఎందుకు చూస్తారు?

ఎందుకంటే చుట్టరికం ముందు, సరిహద్దు తర్వాత. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లానే. గీత పడ్డాక మేనత్తలు ఒకపక్క, మేనమామలు ఇంకోపక్క మిగిలారు. పైగా మేనరికం మనకు మామూలు, ఒడియా ఇరుగుపొరుగులో చాలామందికి తప్పు. ఆచారం ఉంటే 1955 హిందూ వివాహ చట్టానికీ అభ్యంతరం లేదు.

అసలు చిక్కు కాగితాల దగ్గర. ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అటునుంచి కోడలిగా వచ్చిన అమ్మాయికి పుట్టింటి కుల సర్టిఫికెట్‌తో ఒడిశా ఉద్యోగాల్లో రిజర్వేషన్ రాదు. నిశ్చితార్థంలో కట్నం పైసలతో సహా తేలుస్తారు గానీ ఈ మాట ఎవరూ ఎత్తరు! ఉద్యోగం చేయాలనుకునే పిల్లయితే లగ్నం పెట్టుకోకముందే కనుక్కోండి.

భువనేశ్వర్‌లో చదువుకున్నవాళ్లు ఒడియావాళ్లను చేసుకోవడమూ ఉంది. అక్కడ భాష కన్నా కులం దగ్గరే పేచీ.