పిట్టగూడు అంటే పిట్ట ఇల్లేనా?

"పిట్టగూడు అంటే పిట్ట ఉండే ఇల్లు అనే అర్థం ఒక్కటేనా, వేరే రకంగా కూడా వాడతారా?" అని అడిగారు. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. అక్కడ చూసినవీ విన్నవీ చెప్తాను.

నిజానికి చాలా పిట్టలకు గూడు ఇల్లు కాదు, గుడ్లు పెట్టి పిల్లల్ని లేపే చోటు. మిగతా రోజుల్లో రాత్రి కొమ్మల మీదనే పడుకుంటాయి. మా బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాని గూళ్లు వేలాడేవి. గడ్డిపోచలు, తాటాకు పీలికలు తెచ్చి మగపిట్టే అల్లుతుంది. సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది, లేకపోతే ఆ సగం గూడు అట్లాగే గాలికి ఊగుతుంటుంది.

అయినా మన మాటల్లో గూడంటే పొద్దుగూకితే తిరిగి చేరే చోటు. "పిట్టలు గూటికి చేరే యాళయింది, ఇంటికి రా" అని అమ్మ పిలిచేది. కూడు, గూడు, గుడ్డ అన్నప్పుడూ ఆ నీడే. పార్టీ మారిన నాయకుడు వెనక్కొస్తే పేపర్లు "సొంత గూటికి" అని రాసేదీ అందుకే. దువ్వని తలను పిట్టగూడు అనడం ఉత్త పోలిక. ఇంగ్లీషులోనూ చిక్కుపడ్డ జుట్టును, గాలం చక్రంలో చుట్టుకుపోయిన దారాన్ని అట్లాగే అంటారు. 2008 ఒలింపిక్స్‌కు బీజింగ్‌లో కట్టిన స్టేడియానికి ఆ పేరు వచ్చింది బయటి ఉక్కు అల్లికను చూసే.

నాలో నాటుకుపోయిన వాడుక మాత్రం మా నాయనమ్మది. మా నాయన ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచేసరికి పైసలు అయిపోయాయి. అమ్మను తీసుకుని బొంబాయికి కూలిపనికి పోయాడు, నన్ను నాయనమ్మ దగ్గర ఉంచి. కప్పులేని ఆ గోడలను చూసినప్పుడల్లా ఆమె "గిజిగాని సగం గూడు లెక్కుంది బిడ్డా" అనేది. నాకు ఏడుపొచ్చేది.

నాలుగేళ్లకు వాళ్లు తిరిగొచ్చి రేకులు వేశారు. ఆ రాత్రి నాయనమ్మ కొత్త గోడలోని దిగూట్లో దీపం పెట్టి, "ఇగ గూడైంది" అన్నది.