ఓవిడ్ సెర్చ్ పబ్‌మెడ్‌లో పనిచేయకపోతే
ఓవిడ్, పబ్‌మెడ్ రెండూ వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైట్లు. కారణం మీ సెర్చ్ లైన్‌లోని ‘ఎడిజె3’. అనంతపురం ఫ్లోరోసిస్ థీసిస్‌కి ఓవిడ్‌లో రాసుకున్న లైన్‌ని పబ్‌మెడ్‌లో పేస్ట్ చేస్తే రిజల్ట్స్ పడిపోయాయన్నారు కదా. ఎడిజె3 అంటే ఓవిడ్‌కి ‘ఈ రెండు పదాలూ దగ్గర దగ్గరగా ఉండాలి’ అనే కమాండ్, పబ్‌మెడ్‌కి అది వట్టి మాట.

1. అడ్వాన్స్‌డ్ పేజీలో, హిస్టరీ కింద, ఆ సెర్చ్‌కి డీటెయిల్స్ బాణం నొక్కండి. పబ్‌మెడ్ మీ లైన్‌ని ఎలా చదివిందో అక్కడ ఉంటుంది. ఇది చూడకుండా లైన్ మార్చొద్దు.

2. ఫ్లోరైడ్, వాటర్ రెండూ ఒకే డబుల్ కోట్స్‌లో పెట్టండి. వెంటనే చదరపు బ్రాకెట్లో టి, ఐ, ఎ, బి, తర్వాత కోలన్, టిల్డె, 2 కొట్టండి. 3 కాదు, 2. అందరూ తప్పేది ఇక్కడే. ఓవిడ్‌లో ఎడిజె3 అంటే రెండు పదాల మధ్య 2 మాటల దాకా ఉండొచ్చని. పబ్‌మెడ్‌లో ఆ అంకే మధ్యనుండే మాటల లెక్క.

3. పదం చివర పెడితే దాని వేరే రూపాల్ని కూడా వెతికే నక్షత్రం గుర్తు ఈ పద్ధతిలో పనిచేయదు. ఫ్లోరైడ్‌కి ఒకటి, ఫ్లోరైడ్స్‌కి ఒకటి వేరుగా రాసి, మధ్యలో పెద్ద అక్షరాల్లో ‘ఆర్’ పెట్టి కలపండి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ వేరే దారి లేదు.

4. లైన్ మొదట్లోని ‘ఎక్స్‌ప్’ తీసేయండి, అది ఒక సబ్జెక్ట్ పదం కిందికి వచ్చే చిన్న పదాల్ని కూడా వెతకమనే ఓవిడ్ కమాండ్. పబ్‌మెడ్‌లో మెష్ (పేపర్లకి తగిలించే సబ్జెక్ట్ పదాల జాబితా) ట్యాగ్ ఇస్తే ఆ కింది పదాలు వాటంతటవే వస్తాయి. మెష్ ఒక్కటే నమ్ముకోవద్దు, ఇంకా ఇండెక్స్ కాని, అంటే మెష్ పదాలు తగిలించని, కొత్త పేపర్లు తప్పిపోతాయి. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ పదాలు కూడా జోడించండి.

5. పాత ఫిల్టర్లు తర్వాతి సెర్చ్‌కీ అంటుకునే ఉంటాయి. ముందు క్లియర్ ఆల్ నొక్కండి.