ఆస్టిన్ హీలీ స్ప్రైట్ లైట్లు అలా ఎందుకు పొడుచుకొచ్చాయి?

స్ప్రైట్ అనే పాత బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కారు మొదటి మోడల్‌కి బానెట్ మీద హెడ్‌లైట్లు అలా పొడుచుకొచ్చి ఉంటాయేంటి, కావాలనే అలా డిజైన్ చేశారా, రోజూ నడపడానికి పనికొస్తుందా అని అడిగారు. కావాలని కాదండీ, ఖర్చు తగ్గించుకోబోతే అలా వచ్చింది. నేను ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉంటాను, నా దగ్గర 1959 బండి ఉంది, వాడేవాడిగా చెప్తాను.

డిజైనర్ జెర్రీ కోకర్ మొదట గీసినప్పుడు ఆ లైట్లు పగలు వెల్లకిలా పడుకుని బానెట్‌లో కలిసిపోవాలి, కావలసినప్పుడు లేవాలి. ఆ మెకానిజం ఖరీదని తీసేశారు, లైట్లు మాత్రం లేచినవి లేచినట్టే ఉండిపోయాయి. ఈ బండి తయారు చేయించిన డొనాల్డ్ హీలీకి కావలసింది చవకైన టూ సీటర్, అందుకే 948 సీసీ ఇంజిన్ ఆస్టిన్ ఏ35 నుంచి, స్టీరింగ్ మోరిస్ మైనర్ నుంచి, అంటే అప్పటి మామూలు చిన్న కార్ల నుంచి తెచ్చుకున్నారు. 43 హార్స్‌పవరే, కానీ బండి 700 కిలోలు కూడా ఉండదు కాబట్టి పల్లెటూరి మలుపుల్లో భలే చురుగ్గా తిరుగుతుంది. 1958 నుంచి 1961 దాకా ఎంజీ కార్ల కంపెనీ వాళ్ళ ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో దాదాపు 49 వేలు తయారయ్యాయి.

అసలు తమాషా అంతా వెనకాల ఉంది. డిక్కీకి మూతే లేదు! మూత కోసం రేకు కోయకపోతే ఖర్చూ తగ్గుతుంది, బాడీ కూడా గట్టిగా ఉంటుంది, దీనికి కింద విడిగా చాసీ (ఫ్రేము) లేదు, బరువంతా బాడీయే మోయాలి కదా. వినడానికి బాగానే ఉంటుంది గానీ, వానలో పంక్చర్ అయితే సీటు వీపు ముందుకి మడిచి, నడుం దాకా లోపలికి దూరి, చీకట్లో తడుముకుంటూ స్టెప్నీ బయటికి లాగాలి, దాని ముందు పెట్టిన సామానంతా ముందే తీసి రోడ్డు పక్కన పెట్టుకోవాలి. తలుపుకి బయట హ్యాండిల్ లేదు, ఎక్కించుకునే అద్దాలూ లేవు, చెయ్యి లోపలికి పెట్టి తెరవాలి. అద్దం దింపే సరంజామా లేదు కాబట్టి తలుపు లోపల అంతా ఖాళీయే, మ్యాపులూ నీళ్ళ సీసా అక్కడే పడేస్తాను. బానెట్ ముందు మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా లేస్తుంది. ఇంజిన్, ముందు చక్రాలు అన్నీ చేతికందుతాయి గానీ, బరువు బాగా ఉంటుంది, గాలి రోజున దాని కింద తల పెడితే మొసలి నోట్లో పెట్టినట్టే.

రోజూ ఆఫీసుకైతే వద్దు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, మోటర్‌వే మీద లారీల మధ్య నాకిప్పటికీ టెన్షనే. 1961లో వచ్చిన రెండో మోడల్‌కి డిక్కీ మూత పెట్టారు, లైట్లు పక్కలకి జరిపారు, సౌకర్యం కావాలంటే అది చూడండి, మొహం మాత్రం మామూలు కారు మొహమే అయిపోయింది.

మొదటిదే కావాలంటే పెయింట్ మెరుపు చూసి పడిపోకండి. బండి కిందకి దూరి, వెనక స్ప్రింగులు బాడీకి బిగించిన చోటు టార్చి వేసి చూడండి. అక్కడ తుప్పు తినేసి ఉంటే ఎంత చవకగా ఇస్తానన్నా వదిలేయండి.