ఎఫ్‌ఎం ఆపేస్తే పాత రేడియో సంగతేమిటి?

ప్రశ్న: కొన్ని దేశాలు ఎఫ్‌ఎం ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కు మారుతున్నాయట. నా ఎఫ్‌ఎం రేడియో నిక్షేపంలా పనిచేస్తోంది. డిజిటల్ స్టేషన్లు అందులో రావాలంటే అప్‌డేట్ లాంటిది ఏదైనా చేయించాలా?

అప్‌డేట్‌తో తీరే పని కాదండీ. మీ రేడియో ముల్లు 87.5 నుంచి 108 మెగాహెర్ట్‌జ్ వరకే తిరుగుతుంది. యూరప్‌లో ఎక్కువగా వాడే డిజిటల్ పద్ధతి డ్యాబ్. అది 174 నుంచి 240 మధ్య ఉంటుంది. పోనీ ముల్లు అక్కడిదాకా వెళ్లినా ఉపయోగం లేదు. ఎఫ్‌ఎంలో ఒక్కో స్టేషన్‌కు ఒక్కో ఫ్రీక్వెన్సీ. డ్యాబ్‌లో అలా కాదు. పది పన్నెండు స్టేషన్ల ధ్వనిని అంకెలుగా మార్చి, ఒకే మూటగా కట్టి, 1,536 సన్నని తరంగాల మీద పరిచి పంపుతారు. ఈ మూట పేరే మల్టీప్లెక్స్. దాన్ని విప్పి మీరు అడిగిన స్టేషన్‌ను బయటికి తీసే చిప్ పాత రేడియోలో ఉండదు.

అలాగని దాన్ని ఇప్పుడే అటక ఎక్కించకండి. జాతీయ స్టేషన్ల ఎఫ్‌ఎంను మొట్టమొదట ఆపిన దేశం నార్వే. 2017 జనవరిలో ఉత్తరాది నుంచి మొదలుపెట్టి డిసెంబరుకల్లా పూర్తిచేసింది. అక్కడ కూడా చిన్న స్థానిక స్టేషన్లు చాలావరకు ఎఫ్‌ఎంలోనే ఉండిపోయాయి. స్విట్జర్లాండ్‌లో ప్రజా ప్రసార సంస్థ 2024 చివరి రోజున ఎఫ్‌ఎంకు స్వస్తి చెప్పింది. బ్రిటన్‌లో బీబీసీ డ్యాబ్ ప్రసారాలు మొదలుపెట్టింది 1995లో. ఎఫ్‌ఎం మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు పక్కనే నడుస్తూ వచ్చింది. కాబట్టి 'రేపో మాపో ఆపేస్తారు' అని రేడియో అమ్మేవారు తొందరపెడితే, ప్రసార సంస్థ తేదీ ప్రకటించిందా అని అడగండి.

ప్రశ్న: డిజిటల్ రేడియో వింటే సీడీ విన్నట్టే ఉంటుందన్న ప్రకటన చూసి కొన్నాను. పాటలు ఎఫ్‌ఎంలోనే బాగున్నాయనిపిస్తోంది. లోపం నా చెవులదా, రేడియోదా?

రెండింటిదీ కాకపోవచ్చు, స్టేషన్‌ది అయివుంటుంది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. పాత డ్యాబ్‌లో చాలా సంగీత స్టేషన్లు 128 దగ్గరే ఆగిపోయాయి. అదీ ఎంపీ2 అనే పాతకాలపు కుదింపు పద్ధతిలో. తర్వాత వచ్చిన డ్యాబ్ ప్లస్ ఏఏసీ పద్ధతి వాడుతుంది కనుక తక్కువ బిట్లలోనే మెరుగ్గా వినిపించగలదు. కానీ మూట పెరగదు కదా! అందులో స్టేషన్లు పెరిగేకొద్దీ ఒక్కోదాని వాటా తగ్గుతుంది. పాటల స్టేషన్‌ను కూడా మోనోలో పంపే పొదుపరులు ఉన్నారు. సిగ్నల్ గట్టిగా ఉన్నచోట ఎఫ్‌ఎం స్టీరియో వీటిని సులువుగా మించిపోతుంది.

శబ్దం బాగుంటుందని డిజిటల్‌కు మారాలన్న వాదన నాకు ఎప్పుడూ రుచించలేదు. అసలు లాభం చోటులో, కరెంటు ఖర్చులో ఉంది. ఒకే ట్రాన్స్‌మిటర్ డజను స్టేషన్లను మోస్తుంది. పైగా ఇరుగుపొరుగు ట్రాన్స్‌మిటర్లు అదే ఫ్రీక్వెన్సీ వాడుకోవచ్చు. ఎఫ్‌ఎంలో అయితే ఒకదాన్నొకటి పాడుచేసుకునే సంకేతాలు ఇక్కడ ఒకదానికొకటి తోడవుతాయి. ఇదంతా ప్రసారం చేసేవారికి మిగులు. శ్రోతకు దక్కేది ప్రధానంగా ఎక్కువ స్టేషన్లు, అంతే.

మీరు చెప్పింది గొంతు నాణ్యత గురించి కాక, మధ్యలో ఆగిపోవడం గురించి అయితే కారణం వేరు. సిగ్నల్ తగ్గుతున్నప్పుడు ఎఫ్‌ఎం ముందే చెబుతుంది. సన్నగా హోరు మొదలవుతుంది, స్టీరియో కాస్తా మోనో అవుతుంది, అయినా హోరు వెనక పాట లీలగా వినిపిస్తూనే ఉంటుంది. డిజిటల్‌కు అంత మొహమాటం లేదు. ఆఖరు వరకు శుభ్రంగా పాడుతుంది. ఆ తర్వాత పాత డ్యాబ్ అయితే బురదలో బుడగలు పొంగినట్టు గుడగుడమంటుంది. డ్యాబ్ ప్లస్ అయితే మాట ముక్కలుముక్కలై చటుక్కున మూగబోతుంది. రేడియోను కిటికీ దగ్గర పెట్టి, యాంటెన్నాను పూర్తిగా లాగి నిలువుగా నిలబెట్టి, మళ్లీ స్కాన్ చేయండి. చాలా ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయి.

ప్రశ్న: బంధువులు వేరే దేశం నుంచి తెచ్చిన డిజిటల్ రేడియోలో ఇక్కడ ఒక్క స్టేషనూ రావడం లేదు. పాడైందా?

పాడై ఉండదు, భాష తెలియక నిలబడిపోయింది. డిజిటల్ రేడియోకు ప్రపంచమంతటా ఒకే పద్ధతి లేదు. అమెరికాలో హెచ్‌డీ రేడియో. అది ఎఫ్‌ఎం స్టేషన్ ఉన్న చోటే, దాని పక్కన డిజిటల్ సంకేతాన్ని నడిపిస్తుంది. సిగ్నల్ తగ్గితే మామూలు ఎఫ్‌ఎంకు జారుకుంటుంది. మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లలో కూడా పనిచేసేది డీఆర్‌ఎం. ఆకాశవాణి మీడియం వేవ్‌లో ఎంచుకున్నది దీన్నే. డ్యాబ్ రేడియోకు ఈ రెండూ అర్థం కావు. ఆమాటకొస్తే, తొలినాళ్ల డ్యాబ్ రేడియోలు చాలావాటికి డ్యాబ్ ప్లస్ కూడా అర్థం కాదు! కొనేముందు పెట్టె మీద 'డిజిటల్' అన్న మాట కాదు, పద్ధతి పేరు చూడండి.

ప్రశ్న: కారులో డిజిటల్ రేడియో పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2020 డిసెంబరు నుంచి కొత్త కార్లలోని రేడియోలకు డిజిటల్ అందుకునే సామర్థ్యం తప్పనిసరి. పాత కారుకైతే విడిగా అడాప్టర్లు దొరుకుతాయి. యాంటెన్నాను ముందు అద్దానికి అంటిస్తారు. ఆ అద్దానికి వేడిని ఆపే లోహపు పూత ఉంటే సిగ్నల్ కూడా అక్కడే ఆగుతుంది. ఆ సంగతి ముందే కనుక్కోండి.

ప్రశ్న: ముందు గదిలో ఎఫ్‌ఎం, వంటగదిలో డిజిటల్. రెండింటిలో ఒకే స్టేషన్ పెడితే వార్తలు చదివే ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు చెబుతోంది. సరిచేయవచ్చా?

సరిచేయలేం. ధ్వనిని కుదించాలి, చిన్న అంతరాయం తగిలినా మాట దెబ్బతినకుండా బిట్లను కాలంలో ముందువెనకలుగా చెదరగొట్టాలి, రేడియో వాటిని మళ్లీ వరుసలో పేర్చుకోవాలి. వీటన్నిటికీ సమయం పడుతుంది కాబట్టి డిజిటల్ కొద్ది సెకన్లు వెనకబడుతుంది. ఈ లెక్కలన్నీ చేసే చిప్ వల్లే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. గంటకోసారి వచ్చే సమయ సంకేతాన్ని విని గడియారం సరిచేసుకునే అలవాటు ఉంటే, ముందు గదిలో రేడియోనే నమ్మండి.